ఈ దసరాకి టూరు బస్సు ఎక్కండి



పరీక్షలు అయిపోగానే దసరా సెలవులు. "ఈసారి ఎక్కడికి?" అనే మాట మీ ఇంట్లో ఈపాటికే మొదలై ఉంటుంది. పేరెంట్స్ మీటింగులో మార్కుల సంగతి అయ్యాక కొందరు నన్నూ అడుగుతుంటారు: "సార్, మీరు సోషల్ చెప్తారు కదా, పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తే బాగుంటుంది?" చూడాల్సిన ఊళ్ళకి మన దేశంలో కొదవ లేదు, ఎక్కడికైనా వెళ్ళండి. ఎలా వెళ్ళాలి అన్న దాని మీద మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఉంది. మీ అబ్బాయో అమ్మాయో స్కూలు చదువు పూర్తి చేసేలోగా ఒక్కసారైనా, ఇంట్లో పెద్దవాళ్ళతో కలిసి, టూరు మేనేజరు వెంట ఉండే బస్సు యాత్రకి వెళ్ళండి.

ఈ మాట అనగానే చాలామంది నవ్వేస్తారు. "అది రిటైరైన వాళ్ళు కాశీకి వెళ్ళే బస్సు కదా సార్!" అంటారు. "మన కారు ఉండగా ముక్కూమొహం తెలియని నలభై మందితో ఎందుకండీ?" అంటారు. నేను ఆ బస్సు ఎక్కమనేది సరిగ్గా ఆ నలభై మంది కోసమే.

ఈ టూరు ఎలా నడుస్తుంది?

ఎప్పుడూ వెళ్ళనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. ముప్పై అయిదు నుంచి నలభై అయిదు సీట్ల బస్సు. ఇద్దరు డ్రైవర్లు, ఒక క్లీనరు, ఒక టూరు మేనేజరు. మన తెలుగు టూర్లలో చాలావాటికి వంటవాళ్ళు కూడా వెంట ఉంటారు. బియ్యం, పప్పు, గిన్నెలు బస్సు డిక్కీలోనే వస్తాయి. మదురైలో ఉన్నా గయలో ఉన్నా పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పు, చారు, పెరుగు, పక్కన ఇంత ఆవకాయ. ఏ రోజు ఏ ఊరు, ఎక్కడ బస, ఎన్ని గంటలకి బయలుదేరాలి అన్నీ ముందే కాగితం మీద ఉంటాయి. ఆగిన ప్రతిచోటా మేనేజరు తలలు లెక్కపెట్టుకుని గానీ బస్సు కదలనివ్వడు.

పదిమందిని కూడగట్టి, దారీ భోజనమూ ఒకరే చూసుకునే ఈ పద్ధతికి చరిత్ర ఉంది. 1841 జులై 5న ఇంగ్లండులో థామస్ కుక్ అనే ఆయన సుమారు 500 మందిని తలకి ఒక షిల్లింగు చొప్పున లెస్టర్ నుంచి లఫ్‌బరో దాకా రైల్లో తీసుకెళ్ళాడు. ఇప్పటి గ్రూప్ టూర్లకి అదే మొదలు అని చెబుతారు. అంతకు పదేళ్ళ ముందే మన ఏనుగుల వీరాస్వామయ్య గారు చెన్నపట్నం నుంచి కాశీకి పెద్ద పరివారంతో బయలుదేరారు. 1830 మే నుంచి 1831 సెప్టెంబరు దాకా సాగిన ఆ ప్రయాణాన్నే ఆయన 'కాశీయాత్ర చరిత్ర'గా రాశారు. దూరప్రయాణం అంటే గుంపుగా వెళ్ళడమే అన్నది మన పెద్దలకి కొత్త సంగతి కాదు. ఒక్క కుటుంబం ఒక్క కారులో వెళ్ళడమే ఈ మధ్య వచ్చిన అలవాటు.

నలభై మందిలో ఒకరు

ఇప్పుడు అసలు విషయం. మన పిల్లల రోజు ఎలా గడుస్తుందో ఒకసారి చూడండి. ఇంట్లో ఒక్కరో ఇద్దరో పిల్లలు. వాళ్ళకి ఇష్టమైన కూర, వాళ్ళు చూసే చానెలు, వాళ్ళ పరీక్షలు ఉంటే చుట్టాల పెళ్ళి కూడా మానుకుంటాం. సెలవులకి వెళ్ళినా పిల్లల కోసం ఆటస్థలం ఉన్న రిసార్టు వెతుకుతాం. కారులో పాటలు వాళ్ళవి, ఏసీ వాళ్ళు చెప్పినంత, ఆపమన్నచోట ఆపుతాం. ఇదంతా ప్రేమతోనే చేస్తాం, నేనూ కాదనను. కానీ ఆ పిల్లవాడు లోకం తన చుట్టూ తిరగని చోట ఉండటం ఎప్పుడు నేర్చుకుంటాడు?

"స్కూల్లో నలభై మంది ఉన్నారు కదా" అంటారా? ఉన్నారు. కానీ క్లాసులో నలభై మందిదీ ఒకటే వయసు, ఒకటే సిలబస్. వారానికో పరీక్ష పెట్టి ఎవరు ముందో ఎవరు వెనకో బోర్డు మీద రాసేది మేమే. అక్కడ పక్కవాడు స్నేహితుడు, పోటీదారుడు కూడా. బస్సులో ఆ లెక్క లేదు. డెబ్బై ఏళ్ళ మామ్మగారు ఉంటారు, మూడేళ్ళ పాప ఉంటుంది, కొత్తగా పెళ్ళయిన జంట ఉంటుంది, ఊళ్ళో కిరాణా కొట్టు మూసి వచ్చిన బాబాయి ఉంటాడు. ఎవరికీ ర్యాంకు లేదు. మీ అబ్బాయి ఐఐటీ ఫౌండేషన్‌లో ఫస్టా లాస్టా అని అక్కడ ఎవరూ అడగరు. సీటు నంబరు 17, అంతే.

ఆ సీటులో కూర్చున్నవాడికి కొన్ని విషయాలు ఎవరూ పాఠం చెప్పకుండానే అర్థమవుతాయి. అయిదున్నరకి బస్సు అంటే అయిదున్నరకే. పావుగంట ఆలస్యంగా వచ్చి మెట్లెక్కినప్పుడు అప్పటికే కూర్చున్నవాళ్ళు ఎలా చూస్తారో ఒక్కసారి చూస్తే చాలు, మరునాడు వాడే మిమ్మల్ని లేపుతాడు. ఇంట్లో మనం నెలల తరబడి అరిచినా రాని అలవాటు అది. వడ్డన వరుసలో ముందు పెద్దవాళ్ళు. కిటికీ సీటు ఒక రోజు మనది, ఇంకో రోజు పక్కవాళ్ళది. వంటాయన చేసిన కూర నచ్చకపోయినా పెరుగు కలుపుకుని తినాలి, ఇంకోటి తెప్పించే యాప్ అక్కడ పనిచెయ్యదు.

అన్నిటికంటే నాకు విలువైనదిగా కనిపించేది ఇంకొకటి. బస్సులో మోకాళ్ళ నొప్పులతో నెమ్మదిగా నడిచే పెద్దవాళ్ళు ఒకరిద్దరు తప్పకుండా ఉంటారు. గుడి మెట్లు దిగి వాళ్ళు వచ్చేదాకా బస్సంతా ఆగుతుంది. మా స్కూళ్ళలో టైమ్‌టేబుల్ ఎవరి కోసమూ ఆగదు. వెనకబడ్డవాళ్ళకి రెమెడియల్ క్లాసు పెడతాం గానీ, వాళ్ళ కోసం మిగతావాళ్ళని ఆపం. ఆపలేం కూడా. నెమ్మదిగా వచ్చేవాళ్ళ కోసం నలభై మంది ఆగడం, ఆగినందుకు ఎవరికీ ఏ నష్టమూ జరగకపోవడం, మీ పిల్లలు చూడాలంటే ఇలాంటి చోటే చూడాలి. రెండు రోజులు విసుక్కున్న పిల్లలు మూడో రోజుకి ఆ పెద్దావిడ చేతిసంచి అందుకుని ముందు నడవడం ఇలాంటి టూర్లలో నేను చాలాసార్లు చూశాను. ఎవరూ వాళ్ళకి చెప్పలేదు.

అమ్మకీ సెలవే

కారులో వెళ్ళే టూరులో అమ్మకి సెలవు ఉంటుందా? నిజం చెప్పండి. వారం ముందు నుంచి జంతికలు, చెగోడీలు. దారిలో ఎక్కడ ఆగాలి, అక్కడ బాత్రూమ్ ఎలా ఉంటుంది, మామగారికి ఉప్పు తక్కువ, చిన్నదానికి కారం పడదు. హోటల్లో దిగాక తడిబట్టలు ఎక్కడ ఆరెయ్యాలి. నాన్నకీ అంతే. రోజంతా స్టీరింగు పట్టుకుని, రాత్రి రూము దొరక్క నాలుగు హోటళ్ళు తిరిగి, చివరికి అందరి మీదా చిరాకు పడతాడు. ఇద్దరూ తిరిగొచ్చాక ఇంకో రెండు రోజులు సెలవు కావాలి అంటారు.

టూరు బస్సులో టిఫిను ఏమిటన్నది అమ్మ ఆలోచించక్కర్లేదు. దారి తప్పితే నాన్న తప్పు కాదు. ఇద్దరూ ఒకే సీటులో పక్కపక్కన కూర్చుని బయటికి చూస్తారు. ఇది చిన్న విషయంగా అనిపించవచ్చు. కానీ పిల్లలు ఇంటికి తెచ్చుకునే జ్ఞాపకాల్లో అమ్మ నవ్వుతూ ఉందా, అలిసిపోయి ఉందా అన్నది తప్పకుండా ఉంటుంది.

తాతయ్య, అమ్మమ్మ, నాయనమ్మ

కారులో అయిదుగురికే చోటు. అందుకే సెలవులకి వెళ్ళేటప్పుడు పెద్దవాళ్ళు చాలా ఇళ్ళలో ఆగిపోతారు. "మీరు వెళ్ళిరండి, మాకెందుకు" అని వాళ్ళే అంటారు. మనం ఆ మాటని నిజమనుకుంటాం. ఇంటి తాళంచెవి, మొక్కలకి నీళ్ళు, పాల ప్యాకెట్టు వాళ్ళకి అప్పగించి వెళ్ళిపోతాం.

బస్సులో వాళ్ళ ఈడువాళ్ళు ఉంటారు. రెండో రోజుకి మీ నాన్నగారు వెనక సీటులో ఎవరితోనో 1977 తుపాను గురించో, పాత ఎన్టీఆర్ సినిమా గురించో మాట్లాడుతూ ఉంటారు. మనవడు ఆ కబుర్లు పక్కనుండి వింటాడు. ఇంట్లో అయితే ఆ కథ చెప్పడానికి ఆయనకి అవకాశం రాదు, వినడానికి వీడికి తీరిక ఉండదు. పెద్దవాళ్ళని రమ్మని అడిగేటప్పుడు "వస్తారా?" అనకండి, "మీకు కూడా సీటు బుక్ చేశాను" అనండి. జవాబులో తేడా మీకే తెలుస్తుంది.

ఒక దారి: దక్షిణ యాత్ర

ఉదాహరణకి మన తెలుగువాళ్ళు ఎక్కువగా వెళ్ళే దక్షిణ యాత్రనే తీసుకుందాం. కంచి, తిరువణ్ణామలై, చిదంబరం, తంజావూరు, శ్రీరంగం, రామేశ్వరం, కన్యాకుమారి, మదురై. వరుస కొంచెం అటూ ఇటూ ఉన్నా దాదాపు అన్ని టూర్లలోనూ ఈ ఊళ్ళే ఉంటాయి.

తంజావూరు బృహదీశ్వరాలయం రాజరాజ చోళుడు కట్టించినది, 1010లో పూర్తయింది. రెండు వందల అడుగులు దాటిన ఆ విమానం కింద నిలబడి తల పైకెత్తితే, మా పుస్తకంలో అగ్గిపెట్టెంత ఉన్న బొమ్మకీ దీనికీ ఎంత తేడానో పిల్లలకి అర్థమవుతుంది. అక్కడికి పదిపదిహేను కిలోమీటర్ల దూరంలోనే కావేరి ఒడ్డున తిరువయ్యారు. త్యాగరాజస్వామి నివసించిందీ, 1847లో సిద్ధి పొందిందీ అక్కడే. ఆయన సమాధి దగ్గర గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ గారు. తమిళదేశం నడిమధ్యన తెలుగు కీర్తనలు పుట్టాయంటే పిల్లలు ఆశ్చర్యపోతారు. తంజావూరును ఏలిన నాయక రాజుల కొలువులో తెలుగు ఎంత వెలిగిందో అప్పుడు చెప్పండి, చెవికి ఎక్కుతుంది. చాలా టూర్లు తిరువయ్యారు ఆగకుండానే వెళ్ళిపోతాయి. బుక్ చేసేటప్పుడే మరో రెండు కుటుంబాలతో కలిసి అడిగితే, ఒక అరగంట ఆపడం కంపెనీకి పెద్ద కష్టమేమీ కాదు.

రామేశ్వరం వెళ్ళేటప్పుడు సముద్రం మీద 1988 నాటి రోడ్డు వంతెన ఎక్కుతాం. పక్కనే 2025లో ప్రారంభమైన కొత్త పాంబన్ రైలు వంతెన కనిపిస్తుంది. ఓడ వస్తే దాని మధ్య భాగం నిలువుగా పైకి లేస్తుంది. గుడిలో వెయ్యికి పైగా స్తంభాలున్న నడవాలు, 22 తీర్థాల స్నానం. అబ్దుల్ కలాం గారి స్మారకం ఆ దీవిలోనే ఉంది. ఇంకా ముందుకి వెళితే ధనుష్కోటి. 1964 డిసెంబరు తుపానులో ఒక ప్యాసింజరు రైలుతో సహా కొట్టుకుపోయిన ఊరు. కన్యాకుమారిలో 133 అడుగుల తిరువళ్ళువర్ విగ్రహం, తిరుక్కురళ్‌లో 133 అధ్యాయాలు కాబట్టి అంత ఎత్తు. పక్క రాతి మీద 1970లో కట్టిన వివేకానంద మండపం.

"అన్నీ గుళ్ళేనా?" అనేవాళ్ళకి ఒక మాట. అదే తమిళ తీరంలో నాగూరు దర్గా, వేలాంగణ్ణి చర్చి ఉన్నాయి. గుళ్ళ టూరు వద్దనుకుంటే హంపి, బాదామి ఉన్నాయి. అజంతా, ఎల్లోరా ఉన్నాయి. మైసూరు, ఊటీ ఉన్నాయి. నేను చెప్పిన ప్రయోజనం బస్సులో ఉంది, అది ఏ ఊరు వెళ్ళినా ఒకటే.

"ఆ పరుగులో ఏం చూస్తాం?"

ఇది న్యాయమైన అభ్యంతరం. ఏడెనిమిది రోజుల్లో పది ఊళ్ళు అంటే పరుగే. పట్టుచీరల షాపు దగ్గర గంటన్నర ఆపి, గుడి దగ్గర ముప్పావు గంటలో రమ్మనే కంపెనీలు ఉన్నాయి. పొద్దున నాలుగింటికి లేపేవి ఉన్నాయి. ఇష్టమైనచోట కాసేపు ఊరికే కూర్చోవాలి అనుకునేవాళ్ళకి టూరు బస్సు నచ్చదు. సముద్రం ఒడ్డున నాలుగు రోజులు నిద్రపోవడమే మీకు కావలసిన విశ్రాంతి అయితే, హాయిగా అదే చెయ్యండి.

కానీ మొదటిసారి చూడటం అంటే పుస్తకంలో విషయసూచిక చదివినట్టు. ఏ పాఠం మళ్ళీ తీరిగ్గా చదవాలో దాన్ని బట్టి తెలుస్తుంది. పది ఊళ్ళు చూశాక మీ అమ్మాయి "మళ్ళీ రామేశ్వరం వెళ్దాం" అంటే, వచ్చే ఏడాది రామేశ్వరం ఒక్కదానికే మూడు రోజులు వెళ్ళండి, కారులోనే వెళ్ళండి. రెండింటికీ చోటుంది.

ఖర్చు విషయానికి వస్తే, టూరు ధరని విడిగా చూసి ఎక్కువ అనుకోకండి. అదే దారికి కారు పెట్రోలు, టోల్‌గేట్లు, రూములు, మూడు పూటలా హోటలు భోజనం కాగితం మీద వేసి, పక్కన పెట్టి చూడండి. అలాగే టూరు ధరలో రానివి ఏమిటో అడగండి. ప్రత్యేక దర్శనం టికెట్లు, పడవ, ఆటోలు, మ్యూజియం టికెట్లు చాలావరకు మన జేబు నుంచే పోతాయి.

డబ్బు కట్టే ముందు అడగండి

ఇక్కడ మాత్రం నేను మొహమాటం లేకుండా చెప్తాను. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరులో కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర మళ్ళీ అలాగే జరిగింది. రెండూ హైదరాబాద్, బెంగళూరు మధ్య తిరిగే బస్సులు. రెండూ తెల్లవారక ముందు, ప్రయాణికులు నిద్రలో ఉండగా జరిగినవే. కాబట్టి ధర గురించి, మెనూ గురించి అడిగే ముందు ఈ ప్రశ్నలు అడగండి.

1. రాత్రి బస్సు ఎక్కడుంటుంది? పగలు ప్రయాణం, రాత్రి బస అన్న టూరునే ఎంచుకోండి. "రాత్రి బస్సులో పడుకుంటే రూము ఖర్చు కలిసొస్తుంది" అనే కంపెనీకి నమస్కారం పెట్టి రండి. మొదటి రాత్రి దూరం తప్పదంటే, అక్కడి దాకా మనం రైల్లో వెళ్ళి బస్సు ఎక్కే వీలుందా అని అడగండి.

2. డ్రైవర్లు ఎంతమంది? మన దేశంలో 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం డ్రైవరు పని మామూలుగా రోజుకి 8 గంటలు మించకూడదని ఉండేది. ఏకధాటిగా 5 గంటలు దాటకుండా మధ్యలో విశ్రాంతి ఇవ్వాలని కూడా అందులో ఉండేది. వారం పాటు సాగే టూరుకి ఇద్దరు డ్రైవర్లు ఉండాల్సిందే. రాత్రి వాళ్ళకి పడుకోవడానికి రూము ఇస్తున్నారా, బస్సులోనే పడుకోమంటున్నారా అని కూడా అడగండి. వాళ్ళ నిద్ర మన పిల్లల భద్రత.

3. బస్సు నంబరు ఏది? నంబరు ముందే అడిగి ఎం-పరివాహన్ యాప్‌లో వేస్తే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉన్నాయో కనిపిస్తుంది. బయలుదేరే రోజు వేరే బస్సు వస్తే మళ్ళీ చూడండి.

4. ఎమర్జెన్సీ డోరు తెరుచుకుంటుందా? ఎక్కగానే ఒకసారి తీయించి చూడండి. అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో పిల్లలకి చూపించండి. నడిచే దారిలో పెట్టెలు పెట్టనివ్వకండి.

5. వంట గ్యాసు ఎక్కడ పెడతారు? వంటవాళ్ళు వెంట వచ్చే టూర్లలో ఇది ముఖ్యం. 2023 ఆగస్టులో మదురైలో ఆగి ఉన్న టూరిస్టు రైలు బోగీలో, యాత్రికులు దొంగచాటుగా తెచ్చుకున్న గ్యాసు సిలిండరు వల్ల మంటలు రేగి 9 మంది చనిపోయారు. మనుషులు కూర్చునే బస్సులో సిలిండరు వద్దే వద్దు. వంట సామాను వేరే బండిలో వచ్చే టూరో, బస చేసినచోట వండించే టూరో చూసుకోండి.

6. మేనేజరు ఎవరు? ఆయన ఈ దారిలో ఇంతకుముందు వెళ్ళారా, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఏం చేస్తారు, టూరు రద్దయితే డబ్బు ఎంత తిరిగి ఇస్తారు. జవాబులు కాగితం మీద తీసుకోండి.

ఇవి అడిగితే విసుక్కునే కంపెనీ మీకు వద్దు. ఓపికగా చెప్పేవాళ్ళు తప్పకుండా ఉన్నారు.

మొదటిసారే వారం రోజులంటే భయంగా ఉందా? ఒక రోజు టూరుతో మొదలుపెట్టండి. హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్‌కి, విశాఖ నుంచి బొర్రా గుహలు, అరకులోయకి పర్యాటక శాఖల బస్సులు తిరుగుతుంటాయి. పొద్దున వెళ్ళి రాత్రికి ఇంటికి వచ్చేయొచ్చు. మీ పిల్లలు బస్సులో ఎలా ఉంటారో తెలుస్తుంది. ఘాట్ రోడ్డు మీద వాంతులయ్యే పిల్లలని ముందు సీట్లలో కూర్చోబెట్టండి, ఎక్కబోయే ముందు కడుపునిండా తినిపించకండి. మరీ పసిపిల్లలు ఉన్నా, ఇంట్లో ఎవరికైనా తరచూ ఆస్పత్రి అవసరమైనా, పెద్ద టూరు ఈ ఏడాదికి వాయిదా వెయ్యండి.

రికార్డు రాయించకండి

చివరగా ఒక విన్నపం. బస్సు ఎక్కించాక పిల్లల్ని వదిలెయ్యండి. "ఇది ఏ శతాబ్దం? నోట్ చేసుకో" అంటూ వెంటపడకండి. పది ఊళ్ళకి పది ఫొటోలు అంటించి ప్రాజెక్టు చెయ్యించకండి. బ్యాగులో వర్క్‌షీట్లు పెట్టకండి. పైన నేను చెప్పిన తేదీలూ అడుగులూ మీ కోసం, మీరు చదువుకుని మాటల మధ్య చెప్పడం కోసం. వాళ్ళ చేత వల్లె వేయించడానికి కాదు. టూరుకి వెళ్ళొచ్చిన పిల్లల దగ్గర నేను సెలవుల హోమ్‌వర్కు అడగను. సెలవులు అయ్యాక మొదటి పీరియడ్‌లో "బస్సులో ఎవరెవరు ఉన్నారు?" అని ఒక్కటే అడుగుతాను. ఊళ్ళ పేర్లు మర్చిపోయినా, "మా వెనక సీటులో ఒక తాతగారు ఉండేవారు సార్, ఆయన..." అని మొదలుపెట్టే పిల్లల కోసం క్లాసు కాసేపు ఆపుతాను.

తోటి టీచర్లకి కూడా ఇదే మాట. ఈ సెలవులకి ఎవరైనా డైరీలో "కుటుంబంతో టూరుకి వెళ్తున్నాం" అని రాసి పంపితే, ఆ పిల్లల హోమ్‌వర్కు విషయంలో చూసీ చూడనట్టు ఉందాం.

దసరా సీట్లు త్వరగా నిండిపోతాయి. తమిళనాడులో ఈశాన్య రుతుపవనాల వానలు మామూలుగా అక్టోబరు రెండో సగంలో మొదలవుతాయి కాబట్టి, దక్షిణ యాత్ర అనుకునేవాళ్ళు సెలవుల మొదట్లోనే బయలుదేరండి. ఈ ఆదివారం ఇంట్లో అందరూ కూర్చుని ఊళ్ళు ఎంచుకోండి. మొదటి ఓటు తాతయ్య, నాయనమ్మలకి ఇవ్వండి. కిటికీ సీటు ఎవరిదన్నది పిల్లల్ని తేల్చుకోనివ్వండి.

శుభ ప్రయాణం.

మీ సోషల్ టీచర్